ఓడ వచ్చిన రోజుల మాత్రలు

ఝర్నా రేకుపెట్టె వాకిట్లోకి వచ్చేసింది. తెచ్చింది ఝర్నా కాదు, దాని మొగుడు, మా మరిది జసీమ్. రెండు చేతులా మోసుకొచ్చి బట్టలారేసే తీగ కింద దబ్బున పడేశాడు. మూత తెరుచుకుని చీరలు సగం మట్టిలో పడ్డాయి.

"పోటు వేళకి మీ అన్న ట్రాలరు పడవ వస్తుంది. ఎక్కెయ్," అన్నాడు.

ఝర్నా వంటపాక గడప మీద కూర్చుని ఉంది. కదల్లేదు. ఒళ్ళో రెండేళ్ళ కూతురు టుకు బొరుగులు నములుతూ వాళ్ళ నాన్నని కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. ఏడాదికి ముప్ఫై రోజులు కూడా ఇంట్లో ఉండని నాన్న ఆ పిల్లకి ఎప్పుడూ కొత్త మనిషే.

మా అత్తగారు జొబేదా అరుగు మీద అడకత్తెరతో పోకలు కత్తిరిస్తోంది. రెండు రోజులుగా ఆవిడ చేస్తున్న పని అదే. ఝర్నా అన్నకి ఫోన్ చేయించింది కూడా ఆవిడే. "పంపించెయ్యండి" అని ఒక్క మాట అని మళ్ళీ పోకల్లో పడిపోయింది.

ఇక మా ఆయన ఖలీల్ సంగతి చెప్పక్కర్లేదు. ఇంట్లో ఒక గొంతు లేస్తే చాలు, ఆయనకి బజార్లో పని గుర్తొస్తుంది. పెద్దకోడలిగా ఈ ఇంట్లో మొగవాళ్ళ పంచాయతీలు కూడా నేనే చూసుకోవాలి.

"మతిగాని పోయిందా జసీమ్? వాకిట్లో చీరలు పారేస్తావా? అందరూ చూస్తున్నారు," అన్నాను.

"చూడనీ భాబీ. నాలుగు నెలలు పోతే కడుపు ఎలాగూ చూస్తారు."

"ఆరు వారాల కిందట నువ్వు ఇంట్లో లేవా?"

"ఉన్నా. లేనని ఎవరన్నారు? ఆరు రోజులున్నా. ఆరు రోజులూ నా కళ్ళముందే మాత్ర మింగింది. గ్లాసుతో నీళ్ళు అందించింది నేనే. అవునో కాదో దాన్నే అడుగు."

అడగక్కర్లేదు. అవునన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

"మాత్ర మింగితే కడుపు రాదు. ఊరూరా తిరిగి ఈ మాట చెప్పేది నువ్వే. మింగిన రోజులు నావి. మరి మింగని రోజులు ఎవరివి భాబీ?"

అడకత్తెర చప్పుడు ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ మొదలైంది.

జసీమ్ చెడ్డవాడు కాదు. ఆ మాట చెప్పకపోతే నాకే పాపం. చిట్టగాంగ్ నించి సిమెంటు రాయి మోసే ఓడలో, ఇంజిను గదిలో పని వాడిది. రెండు మూడు నెలలకోసారి ఇంటికొస్తాడు. వచ్చేటప్పుడు పిల్లకి గౌను, తల్లికి కళ్ళద్దాలు, నాకు కూడా ఏదో ఒకటి తెస్తాడు. పోయినవారం ఝర్నా ఫోన్ చేసి సంగతి చెబితే, "సరే, వస్తున్నా" అన్నాడు. సంతోషం పట్టలేక సెలవు పెట్టి వస్తున్నాడనుకున్నాం. మా పిచ్చి. ఓడలో ఎంతమంది ఎన్ని మాటలు అన్నారో, ఇంజిను గదిలో కూర్చుని తనకు తాను ఎన్ని లెక్కలు వేసుకున్నాడో, పడవ దిగేసరికి మనిషి మొహమే మారిపోయింది.

వాడి లెక్క ఎక్కడ తప్పిందో నాకు తెలుసు. ఈ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. తెలిసి కూడా రెండు రోజులు నోరు మూసుకుని ఉన్నాను.

పదిహేనేళ్ళుగా నా ఉద్యోగం ఈ ఒడ్డున ఇంటింటికీ తిరిగి మాత్రలు ఇవ్వడం. షెఫాలి బేగం అంటే ఎవరికీ తెలియదు, మాత్రల ఆపా, అదే మాత్రల అక్క, అంటే చంటిపిల్ల కూడా దారి చూపిస్తుంది. మా ఒడ్డున సగం ఇళ్ళ మొగవాళ్ళు ఓడల మీదే ఉంటారు. వాళ్ళ పెళ్ళాలది ఒకటే పద్ధతి. ఓడ వస్తే మాత్ర, ఓడ పోతే మాత్ర లేదు.

మొదట్లో నేను పోట్లాడేదాన్ని. రోజూ మింగాలమ్మా, మొగుడున్నా లేకపోయినా మింగాలి అని గొంతు చించుకునేదాన్ని. ఒకావిడ నవ్వి, "మొగుడు లేనప్పుడు మాత్రెందుకు ఆపా? మా అత్త చూస్తే ఏమంటుంది?" అంది. ఈ ఒడ్డున అత్తలకి చదువు రాకపోవచ్చుగాని, అట్టలో మాత్రలు లెక్కపెట్టడం వచ్చు. మొగుడు ఓడ మీద ఉండగా పెళ్ళాం రోజూ మాత్ర మింగితే అనుమానం. మింగడం మానేసి కడుపొస్తే అంతకన్నా పెద్ద అనుమానం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కొన్నాళ్ళకి నేనూ అలిసిపోయాను. టుకు పుట్టిన ఏడాదికి ఝర్నా నన్ను అడిగింది, "రోజూ మింగితే తల తిరుగుతోంది భాబీ, ఆయన వచ్చినప్పుడు మింగితే చాలదా?" అని. అప్పుడే మా అత్తగారు అట్ట పట్టుకుని చూస్తోంది. ఇంట్లో గొడవెందుకని, "చాల్లే" అన్నాను. ఒక్క మాట. ఆ ఒక్క మాట ఇవాళ పెట్టె రూపంలో వాకిట్లో పడి ఉంది.

పడిన చీరలు దులిపి, పెట్టెలో పెట్టి, వంటపాకలోకి వెళ్ళాను. ఝర్నా నా వెనకే వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. పొద్దుటి చద్దన్నం అలాగే ఉంది. పక్కన కాల్చిన ఎండుమిరపకాయ, ఉల్లిపాయ. ముట్టుకోలేదు.

"తిను. రెండు ప్రాణాలు," అన్నాను.

"ఆ రెండో ప్రాణం గురించే ఆలోచిస్తున్నా భాబీ."

"ఏమని?"

కూతురి జుట్టులోంచి బొరుగు గింజలు ఏరుతూ కూర్చుంది.

"నవ్వవు కదా?"

"నవ్వే రోజా ఇది?"

"నిద్రలో నాకు తెలీకుండా ఏమన్నా జరిగిందంటావా? జిన్నులాంటిది ఏమన్నా..."

"తౌబా తౌబా! ఏం మాటలవి ఝర్నా!"

"మరెలా వచ్చింది? నేను మాత్ర మింగా, అది నిజం. ఆయన తప్ప నన్ను ఎవరూ ముట్టుకోలేదు, అదీ నిజం. ఈ రెండూ నిజమే అయితే కడుపెలా వచ్చింది భాబీ? నాకు నా మీదే నమ్మకం పోతోంది. రాత్రి నిద్ర పట్టినా ఉలిక్కిపడి లేచి తలుపు గడియ చూసుకుంటున్నా."

మొగుడు అనుమానించడం వేరు. ఆడది తనని తనే అనుమానించుకునే దాకా వచ్చింది, అదీ నా మూలాన. నా ఉద్యోగం పోతుందనీ, ఊళ్ళో నా మాటకి విలువ పోతుందనీ రెండు రోజులు భుజాలు తడుముకుంటూ కూర్చున్న నా మీద నాకే అసహ్యం వేసింది.

"లే," అన్నాను. "లేచి నాతో రా."

"ఎక్కడికి?"

"వాకిట్లోకి."

జసీమ్ పెట్టె పక్కన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అంత కోపంలోనూ వాడి కళ్ళు వాచి ఉన్నాయి. వాడూ ఏడ్చాడన్నమాట.

"విను జసీమ్. నీ పెళ్ళాం ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు నాది."

"నీది ఏంటి భాబీ?"

"నువ్వొచ్చిన రోజునించి మింగితే చాలని చెప్పింది నేను. అది చాలదు. చాలదని తెలిసే చెప్పాను."

జసీమ్ తలెత్తి చూశాడు. "అంటే?"

"ఇవాళ మింగితే ఇవాళే పనిచెయ్యడానికి అది తలనొప్పి మాత్ర కాదు. ఆడదాని కడుపులో నెలకో గుడ్డు బయటికొస్తుంది, అది రాకుండా ఆపడం దీని పని. నెలసరి వచ్చిన మొదటి అయిదు రోజుల్లో మొదలుపెడితే వెంటనే ఆపుతుంది. మధ్యలో ఎప్పుడో మొదలుపెడితే వరసగా ఏడు రోజులు మింగేదాకా నమ్మకం లేదు. నువ్వొచ్చేటప్పటికి దానికి నెలసరి అయిపోయి పది రోజులు దాటింది. ఆరు రోజులు మింగింది, నువ్వెళ్ళావు, మానేసింది. ఆ మాత్రలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"ఏడు రోజులా?"

"ఏడు రోజులు. ఆ ఏడు రోజులూ మొగాడు వేరే జాగ్రత్త పడాలి. ఆ మాటా నేను మీకు చెప్పలేదు."

వాడు నమ్ముతాడనుకున్నాను. మొహం ఒక్క క్షణం మెత్తబడింది కూడా. మళ్ళీ బిగుసుకుంది.

"బాగానే వెనకేసుకొస్తున్నావు తోడికోడల్ని. ఈ ఒడ్డున అందరూ ఇలాగే మింగుతున్నారు. వాళ్ళెవరికీ రాని కడుపు దీనికొక్కదానికే వచ్చిందా?"

"ఎవరు చెప్పారు రాలేదని? ఈ మూడేళ్ళలో నాకు తెలిసి అయిదుగురికి వచ్చింది. వాళ్ళ మొగుళ్ళు లెక్కలు వెయ్యలేదు, మిఠాయి పంచారు."

"రోజూ మింగినా వస్తుందని చెప్తావేమో ఇంకాసేపటికి!"

"వస్తుంది. ఒక్క రోజు కూడా తప్పకుండా మింగితే ఏడాదికి నూటికి ఒక్కరికి కూడా రాదు. కానీ మనుషులు కదా, మరిచిపోతారు. అలా మరుపుల మధ్య మింగితే నూటికి ఏడెనిమిది మందికి వస్తుంది. దీనిది మరుపు కూడా కాదు. నా మాట విని చేసింది."

"అయితే ఇన్నాళ్ళూ నువ్వు ఊరికి చెప్పింది అబద్ధం, ఇవాళ నాకు చెప్పేది నిజం. నమ్మాలి నేను!"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నదాన్ని. ఒకసారి అబద్ధం చెప్పిన నోటితో నిజం చెబితే దానికి బరువుండదు. వాకిలి అవతల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి వింటున్నారు. వాళ్ళందరి ఇళ్ళలోనూ నేనిచ్చిన అట్టలే ఉన్నాయి. ఒకామె పక్కామెతో ఏదో గుసగుసలాడి గబగబా ఇంటివైపు వెళ్ళిపోయింది.

కాలవలోకి నీళ్ళు ఎక్కుతున్నాయి. దూరంగా ట్రాలరు ఇంజిను చప్పుడు వినపడింది.

"వచ్చాడు వాళ్ళన్న," అన్నాడు జసీమ్ లేస్తూ.

"కూర్చో."

అన్నది మా అత్తగారు. అడకత్తెర కింద పెట్టింది. రెండు రోజుల్లో మొదటిసారి ఆవిడ చేతులు ఖాళీగా కనపడ్డాయి.

"అమ్మా, నువ్వే కదా పంపించెయ్యమన్నావు?"

"అన్నాను. ఎందుకన్నానో అడిగావా?"

జసీమ్ మళ్ళీ పెట్టె పక్కన కూలబడ్డాడు.

"షెఫాలి చెప్పింది నిజం. ఆ మాట నాకు ఇరవై ఏడేళ్ళ కిందటే తెలుసు. మాత్రలెలా పనిచేస్తాయో తెలీదు. మింగినా కడుపొస్తుందని మాత్రం తెలుసు."

"నీకెలా తెలుసు?"

"నువ్వు నా కడుపులో అలాగే పడ్డావు కాబట్టి."

ఈ ఇంటికొచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఒక్కరోజు కూడా ఆవిడ నోట ఈ సంగతి వినలేదు.

"మీ నాన్న కొబ్బరికాయల పడవ మీద ఖుల్నా పోయేవాడు. వచ్చినప్పుడు నాలుగు రోజులుండేవాడు. ఆ నాలుగు రోజులూ మింగేదాన్ని. అప్పుడు మాత్రల సంచీ ఇంకొకావిడ భుజాన ఉండేది, ఆవిడా ఇదే చెప్పింది. కడుపొచ్చింది. ఇవాళ నువ్వడిగిన మాటే మీ నాన్న కూడా అడిగాడు. అచ్చం ఇదే మాట. తండ్రి నోట విన్నట్టే కొడుకు నోట విన్నాను."

"నాన్నా? నాన్న అలాంటి..."

"మంచివాడే. నీలాగే. నన్ను పుట్టింటికి పంపలేదు, నలుగురిలో పరువు పోతుందని. ఇంట్లోనే ఉంచాడు. నేను వండితే తినలేదు, పిలిస్తే పలకలేదు. నాలుగేళ్ళు నిన్ను చేత్తో ముట్టుకోలేదు."

"అబద్ధం. తిరనాళ్ళలో నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పాడు. నాకు గుర్తుంది."

"అది నీ అయిదో ఏడు. అప్పటికి నీ ముక్కు ఆయన ముక్కులాగా తిరిగింది. ముక్కు చూసి నమ్మాడు. నన్ను చూసి కాదు."

జసీమ్ చెయ్యి తెలియకుండానే మొహం మీదికి వెళ్ళింది. మళ్ళీ దించుకున్నాడు. టుకు ఖాళీ గిన్నె నేలకేసి కొడుతోంది.

"పంపించెయ్యండి అన్నది దీన్ని వెళ్ళగొట్టడానికి కాదు," అంది మా అత్తగారు. "ఈ ఇంట్లో ఉండి నాలా నాలుగేళ్ళు చావకుండా. నన్ను ఎవరూ పంపలేదు. పోతానన్నా పడవ రానివ్వలేదు. దీనికైనా పడవ రానీ అనుకున్నా."

ఈవిణ్ణి నేను రెండు రోజులుగా మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నానో అల్లాకే తెలుసు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, గట్టిగా.

జసీమ్ లేచి ఝర్నా ముందుకి వచ్చి నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియక పిల్లని ఎత్తుకోబోయాడు. టుకు తల్లి భుజంలో మొహం దాచుకుంది.

"లోపలికి పద," అన్నాడు.

ఝర్నా కదల్లేదు.

"తప్పయిపోయింది ఝర్నా."

"అయింది," అంది ఝర్నా.

గొంతు పెంచలేదు. పెట్టె వాకిట్లో పడ్డాక వాడితో అది మాట్లాడిన మొదటి మాట అదే అనుకుంటాను. కోపంగా అన్నా బాగుండేది.

"అమ్మ చెబితే నమ్మారు. రెండు రోజులు నేను ఖురాన్ మీద చెయ్యేసి చెప్పాను, అది మీకు వినపడలేదు."

"ఓడలో అందరూ ఒక్కో మాట అన్నారు. నా బుర్ర పనిచెయ్యలేదు. ఇంకెప్పుడూ అనను. ఒట్టు."

ట్రాలరు రేవులో ఆగింది. ఝర్నా అన్న ఫరీద్ దిగి, గట్టు మీదే నిలబడిపోయాడు. చెల్లెల్ని తీసుకెళ్ళాలో వద్దో మా మొహాలు చూస్తే అతనికి అర్థం కాలేదు పాపం.

ఝర్నా మొగుణ్ణీ చూడలేదు, అన్ననీ చూడలేదు. నా వైపు తిరిగింది.

"భాబీ, ఆసుపత్రిలో నెలసరి తెప్పిస్తారు కదా. ఎన్ని వారాల దాకా?"

కడుపు తీసెయ్యడాన్ని మా ఒడ్డున అలాగే అంటారు. మా అత్తగారు నా చెయ్యి వదిలేసింది.

నా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. గడువు దాటిపోయిందని ఒక్క మాట అంటే చాలు. ఝర్నా నమ్ముతుంది. పెట్టె లోపలికి వెళ్తుంది, ఫరీద్ వట్టి ట్రాలరుతో వెనక్కి పోతాడు, సాయంత్రానికి ఇల్లు ఇల్లులా ఉంటుంది. జసీమ్ కళ్ళు నన్ను అదే బతిమాలుతున్నాయి. మంచికోసం ఒక చిన్న అబద్ధం. అలాంటిదే ఒకటి ఇదివరకు చెప్పాను. దాని ఫలితం కళ్ళముందు ఉంది.

"పది వారాల దాకా," అన్నాను. "నెలసరి నించి లెక్కేస్తే నీకిప్పుడు ఎనిమిది. ఇంకా రెండు వారాలుంది."

"భాబీ!" అన్నాడు జసీమ్.

"అడిగింది, చెప్పాను. ఇకమీదట ఎవరు ఏం అడిగినా ఉన్నదే చెప్తాను."

ఝర్నా తల ఊపింది. పిల్లని చంకనేసుకుంది.

"వద్దనుకుంటున్నానని అనుకోకండి. కావాలనీ అనుకోవడంలేదు," అంది మొగుడితో. "నాకే ఇంకా తెలీదు. ఈ రెండు వారాలూ ఎవరూ ఫోన్ చెయ్యొద్దు. మీరు కూడా."

"మరి నేను ఓడెక్కాలి కదా. పదిరోజుల్లో ఎక్కాలి."

"ఎక్కండి."

గట్టు దాకా ఎవరం వెంట వెళ్ళలేదు. మా అత్తగారు మాత్రం లేచి, కొంగుముడి విప్పి, కత్తిరించిన పోకలు గుప్పెడు, పెట్టె కోసం వాకిట్లోకి వచ్చిన ఫరీద్ చేతిలో పోసింది. వియ్యాలవారిని వట్టి చేతుల్తో పంపకూడదు కదా. అతను పెట్టె భుజాన పెట్టుకున్నాడు. ఝర్నా పిల్లతో ట్రాలరెక్కి, చెక్క మీద మా వైపు వీపు పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు పరిగెత్తాడు జసీమ్. మోకాలి లోతు బురదలోకి దిగిపోయాడు. చుట్టూ చూసేవాళ్ళున్నారని కూడా మరిచిపోయాడు.

"ఝర్నా! అది నాదే! నా బిడ్డే అది!"

ఒడ్డు ఒడ్డంతా వినపడేటట్టు అరిచాడు. నీళ్ళు తోడుతున్న ఆడవాళ్ళు ఆగిపోయి చూశారు.

ఝర్నా తల తిప్పింది. వాణ్ణి చూసింది.

"ఆ సంగతి నాకు తెలుసు," అంది.

ఫరీద్ ఇంజిను తిప్పాడు.